అబ్బాయి సొంత ఓఎస్ రాస్తానంటున్నాడు.. ఏఐ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. కొత్త ల్యాప్‌టాప్‌లో డబ్బు పెట్టి కొన్న విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేశాడు. ఇప్పుడు సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) రాస్తానని రాత్రంతా కూర్చుంటున్నాడు. తోటి పిల్లలంతా ఏఐ కోర్సుల్లో చేరుతున్నారు, వీడు వెనకబడతాడేమోనని టెన్షన్‌గా ఉంది. విసుగొచ్చి ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టేశాను. రెండింట్లో ఏది మేలు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ ల్యాప్‌టాప్ తీసి ఇచ్చేయండి. పదకొండు దాటితే పడుకోమనండి, అది న్యాయం. చదువుకునే వస్తువుకే తాళం వేస్తే ఎలాగండీ? ఇంజినీరింగ్ చదివే కొడుకుని ఐదో తరగతి పిల్లాడిలా చూస్తే మీతో మాట్లాడటం మానేస్తాడు, అంతే.

విండోస్ డబ్బులు కూడా ఎక్కడికీ పోలేదు. ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిందైతే లైసెన్సు కీ సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది. కొనకుండానే మళ్లీ వేసుకోవచ్చు.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఒకప్పుడు జావా, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. కోర్సు పేరు మారుతుంది కానీ, పక్కింటి పిల్లాడికి ముందు ఉద్యోగం వచ్చేస్తుందేమోనన్న బెంగ మారదు. ఏఐ మంచి సబ్జెక్టే. ఆ పేరుతో నడిచే ఆరు నెలల కోర్సుల మీదే నాకు అనుమానం. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఊసెత్తకుండా, రెడీమేడ్ లైబ్రరీతో నాలుగు లైన్లు రాయించి సర్టిఫికెట్ ఇస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. పైగా ఆ ఏఐ నడిచే సర్వర్లు చాలావరకు లినక్స్‌వే. ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీవాడు ఏఐకి దూరమేమీ కాలేదు.

అయితే తను ఏం చేస్తున్నాడో అడిగి తెలుసుకోండి. లినక్స్‌లోనే ఒక రకమైన ఉబుంటుకి పేరు, వాల్‌పేపర్, ఐకాన్లు మార్చి 'నా ఓఎస్' అంటే అది సరదా, రెజ్యూమెలో నిలవదు. తన కోడ్‌తోనే బూట్ చేసి (ఆన్ చేయగానే ఓఎస్ మొదలయ్యేలా చేసి), మెమరీ పంచి, రెండు ప్రోగ్రాములను మార్చి మార్చి నడిపి ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రాములో) చూపిస్తే మాత్రం గట్టి చదువే. అమెరికాలోని ఎంఐటీలో పాఠాలకు వాడే ఎక్స్‌వీ6 అనే చిన్న ఓఎస్ కోడ్ ఉచితంగా దొరుకుతుంది, ముందు దాన్ని చదివి మార్చి చూడమనండి. 1991లో హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌గా రాసింది కూడా కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) ఒక్కటే. కంపైలర్, షెల్ వంటి మిగతా ప్రోగ్రాములు గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నుంచి తీసుకున్నవే. కాబట్టి విండోస్‌కి పోటీ ఏదీ అని మీవాణ్ని ఎగతాళి చేయకండి.

అబ్బాయికీ ఒక మాట. కెర్నల్, డ్రైవర్ల (హార్డ్‌వేర్‌ను నడిపించే ప్రోగ్రాముల) పని తెలిసినవాళ్లు కావాల్సిన క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, కానీ ఫ్రెషర్లకు ఆ పోస్టులు తక్కువ. క్యాంపస్‌కి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది డేటా స్ట్రక్చర్లు, ఆప్టిట్యూడ్. రోజూ ఓ గంట వాటికి ఇవ్వాల్సిందే.

రెండింట్లో ఏది అన్నారు. రెండో ఏడాదిలో ఆ తేల్చుకోవడమే అక్కర్లేదు. కోర్సుకి కట్టాలనుకున్న డబ్బులో కొంత పెట్టి ఇంకో ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) కొనివ్వండి. ప్లేస్‌మెంట్ ఆన్‌లైన్ పరీక్షలు కొన్ని విండోస్‌లోనే తెరుచుకుంటాయి కాబట్టి రెండు ఓఎస్‌లూ ఉంచుకోమనండి. ఫైళ్లు బయట కాపీ చేసుకుని, ముందు విండోస్, ఆ తర్వాత లినక్స్ వేస్తే బూట్ దగ్గర తలనొప్పి తక్కువ.