వేసవిలో పూరీ వెళ్తున్న మేనల్లుడికి

కడప

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

ఈ వేసవిలో పిల్లలకు సముద్రం చూపించడానికి పూరీ వెళ్లాలనుకుంటున్నావనీ, అక్కడ పాటా ఆటా ఉన్న ఉత్సవం ఏదైనా కలిసొస్తే బాగుంటుందని అంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. నలభై ఏళ్లు మృదంగం వాయించినవాణ్ణి, పూరీకి మూడుసార్లు ఎండాకాలంలోనే వెళ్లివచ్చినవాణ్ణి కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు తేదీల సంగతి చూసుకో. అందరూ చెప్పుకునే కోణార్క నాట్యోత్సవం డిసెంబరు మొదటి వారంలో జరుగుతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. వేసవిలో పూరీకి వెళ్లేవాడు చూడవలసింది చందనయాత్ర. అక్షయ తృతీయనాడు మొదలై 42 రోజులు సాగే ఈ ఉత్సవంలో మొదటి 21 రోజులు మాత్రమే దేవుడు బయటికి వస్తాడు. మిగిలిన 21 రోజుల సేవలు గుడి లోపలే జరిగిపోతాయి. మన బడులకు సెలవులిచ్చేది ఏప్రిల్ చివర్లో, అక్షయ తృతీయ వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. అందువల్ల పంచాంగం ముందు పెట్టుకుని, ఆ తరువాతే రైలు టికెట్లు తీసుకో. సెలవులు జూన్ దాకా ఉన్నాయి కదా అని ఆలస్యం చేస్తే సముద్రం ఎక్కడికీ పోదు గానీ పడవల సేవ తప్పిపోతుంది.

ఆ సేవ ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెబుతాను. జగన్నాథుడికి బదులుగా మదనమోహనుడు ఉత్సవమూర్తిగా, శ్రీదేవి భూదేవులతోనూ రామకృష్ణులతోనూ, పంచపాండవులని పిలిచే ఐదుగురు శివులతోనూ ఊరేగింపుగా నరేంద్ర పుష్కరిణికి వస్తాడు. అక్కడ నంద, భద్ర అనే అలంకరించిన పడవలెక్కి, ఎండ తాపం తీరేలా నీటి మీద తిరుగుతాడు. తెప్పోత్సవం మనకు కొత్తది కాదు, తిరుమలలో ఫాల్గుణంలో ఐదురోజులు చూస్తూనే ఉన్నాం. అయితే ఇరవై ఒక్క సాయంత్రాలు వరసగా జరిగే జలవిహారం ఇంకో రకమైన అనుభవం. ఒకప్పుడు ఆ పడవల మీద దేవదాసీలు నాట్యం చేసేవారు. నేను వెళ్లినప్పుడు మెట్ల మీద నా పక్కన కూర్చున్న ముసలాయన, నీటి మీదుగా పాట వినిపించగానే కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. పడవ అవతలి ఒడ్డుకు తిరిగి పాట సన్నగిల్లినా ఆయన తాళం ఆగలేదు, పడవ మళ్లీ దగ్గరికి వచ్చేసరికి పాటతో సరిగ్గా కలిసింది. ఇప్పటికీ అది తలచుకుంటే నా వేళ్లు కదులుతాయి.

అందుకే ఒక్క సాయంత్రంతో సరిపెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. కనీసం మూడు సాయంత్రాలు, అదీ ఒకే చోట, ఎండ తగ్గగానే వెళ్లి మెట్ల మీద కూర్చోండి. మొదటిరోజు జనమే కనిపిస్తారు, రెండోరోజు దీపాలూ పడవలూ కనిపిస్తాయి, మూడోరోజుకు గానీ పాట చెవికెక్కదు. మొదటిసారి వెళ్లినప్పుడు, పుష్కరిణి పక్కనే బస అని నమ్మబలికిన ఒక ఏజెంటు మాటతో దూరంగా సముద్రపు ఒడ్డున దిగి, పిల్లలు నడవలేక ఒక్కరోజుకే మానుకున్నాం. నువ్వు మాత్రం గది ఖాయం చేసుకునే ముందు పుష్కరిణికి ఎంత దూరమో అడిగి తెలుసుకో.

పగటిపూట బడదండ అనే పెద్దవీధిలోకి పిల్లల్ని తప్పక తీసుకువెళ్లు. అక్షయ తృతీయనాడే రథాల పని మొదలవుతుంది. జగన్నాథుడి రథానికి 16, బలభద్రుడిదానికి 14, సుభద్రదానికి 12 చక్రాలు. ఏటా కొత్త కర్రతోనే చేస్తారు. ఆషాఢంలో రథయాత్రకు లక్షల జనం మధ్య దూరం నుంచి చూసే చక్రాన్ని, ఈ రోజుల్లో వడ్రంగి దానికి ఉలి పెడుతుండగా చూడవచ్చు. నా దృష్టిలో ఇది కూడా ఉత్సవమే.

ఒక ఉదయం పూరీకి దగ్గరలోని రఘురాజ్‌పూర్‌కు కేటాయించు. ఒడిస్సీ నాట్య గురువు కేలూచరణ్ మహాపాత్ర 1926లో పుట్టిన ఊరు అది. ఆడవేషం కట్టి ఆడే బాలుర గోటిపువ నాట్యం అక్కడ నేటికీ నేర్పుతారు. కూచిపూడిలో మగవాళ్లు స్త్రీవేషం కట్టడం ఎరిగిన మనకు అది పరాయిదిగా అనిపించదు. ఇళ్ల అరుగుల మీద పటచిత్రాలు వేస్తుంటారు. గుడ్డకు చింతగింజల జిగురూ సుద్దపొడీ పట్టించి, రాయితో నున్నగా రుద్ది, శంఖం నుంచి తెలుపు, దీపపు మసి నుంచి నలుపు తీసి వాడతారు. కొంటే బేరమాడకుండా కొను. నెలల తరబడి పనిచేసిన చేతులవి.

సముద్రస్నానం తెల్లవారుజామునే ముగించుకోండి. పూరీ అలలు లోపలికి లాగుతాయి, పిల్లలను ఒంటరిగా దింపవద్దు. అక్కడ స్నానం చేయించే నోళియా జాలర్లు మన తెలుగువాళ్లే. వాళ్లతో తెలుగులో మాట్లాడి, చెయ్యి పట్టుకుని దిగమని పిల్లలకు చెప్పు.

దారిలో విశాఖలో ఆగితే సింహాచలం వెళ్లు గానీ, అక్షయ తృతీయనాడు పిల్లలతో వద్దు, జనం తట్టుకోలేరు. పూరీలో చందనసేవ మొదలయ్యే ఆనాడే సింహాచలంలో స్వామి మీది చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారన్నది మాత్రం పిల్లలకు చెప్పు.

మన కడప ఎండకు అలవాటుపడ్డవాళ్లం కదా అని ధీమాగా ఉండవద్దు. అక్కడి ఎండ మనకంటే తక్కువే, ఉక్క మాత్రం చాలా ఎక్కువ. మన ఊళ్లో మృదంగం ఎడమవైపు పెట్టిన రవ్వముద్ద త్వరగా ఎండి రాలిపోతుంది, అక్కడ రాత్రి పొద్దుపోయేదాకా తడిగానే ఉండి శ్రుతి దిగిపోయేది. మనుషులకూ అంతే, చెమట ఆరదు. నూలుబట్టలే పెట్టుకో, మజ్జిగ మానవద్దు.

బయలుదేరే ముందు ఒక ఆదివారం పిల్లల్ని మా ఇంటికి తీసుకురా. ఒడిస్సీకి వాయించే మర్దల నాదం మన మృదంగానికి దగ్గరగానే ఉన్నా నడక వేరు. రెండింటి దరువులూ వాయించి చూపిస్తే, పుష్కరిణి మెట్ల మీద కూర్చున్నప్పుడు వాళ్లకు వినవలసింది ఏదో తెలుస్తుంది.

మీ అమ్మకు నా ఆశీస్సులు చెప్పు.

మీ మామ