ఒకే తీరాన్ని ఏడాదంతా చూడు

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మన తీరంలోని జీవులను, ప్రకృతిని ఋతువు వెంట ఋతువు గమనించి రాసుకోవాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగావు. యారాడ నుంచి భీమిలి దాకా అన్నీ చుట్టిరావాలన్న ఆలోచన మాత్రం మానుకో. అర కిలోమీటరుకు మించని ఒక చిన్న తీరాన్ని ఎంచుకుని, వారానికి ఒక్కసారైనా అక్కడికే వెళ్లు. నేను జోడుగుళ్లపాలెం రాళ్లను ఎంచుకుని చాలా ఏళ్లయింది. నైరుతి గాలులు బలపడ్డాక అలలు ఇసుకను ఉత్తరానికి తోసుకుపోతాయి, చలికాలంలో ఆ ఇసుక మళ్లీ వచ్చి చేరుతుంది. మాఘంలో ఇసుక కింద ఉన్న రాయి ఆషాఢంలో మోకాలెత్తున బయటపడటం ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లినవాడికే తెలుస్తుంది.

కెమెరా కన్నా ముందు పంచాంగం కొనుక్కో. అమావాస్యకు, పౌర్ణమికి పోటూ పాటూ, అంటే నీరు ఎక్కడం, తీయడం రెండూ పెద్దవిగా ఉంటాయి, అష్టమి రోజుల్లో నీరు అంతగా తీయదు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నీరు పూర్తిగా తీయడానికి గంట ముందే రాళ్ల దగ్గరికి చేరి, తీస్తున్న నీటి వెంట మెల్లగా లోపలికి నడువు. రాతి గుంటల్లో నిలిచిన నీటి పక్కన నీడ పడకుండా కూర్చుని పది నిమిషాలు కదలకుండా ఉండు. మొదట ఖాళీగా కనిపించిన గుంటలో ఒక చిన్న శంఖం నడవడం మొదలుపెడుతుంది, చూస్తే అందులో కాపురమున్నది పీత. రాతికి అంటుకున్న జిగురు ముద్ద మెల్లగా విచ్చుకుని పువ్వులా రేకులు చాపుతుంది, అది సీ అనెమోనీ అనే సముద్ర జీవి. వేలు పెట్టి ముడుచుకునేలా చేయకు.

ఒక తప్పు చెబుతాను, నువ్వు చేయకూడదని. తొలి రోజుల్లో ఒక రాయిని తిరగేసి, దాని అడుగున ఉన్నవన్నీ చూసి, అలాగే వదిలేసి వచ్చాను. మరుసటి వారం వెళ్లేసరికి తడిలో, నీడలో బతికే ఆ జీవులు ఎండకు మాడి చచ్చిపోయి ఉన్నాయి. ఆ రాయిని నేను మరచిపోలేదు. రాయిని ఎత్తితే ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టి రావాలి. ఎత్తకపోతే ఇంకా మంచిది.

చలికాలంలో తెల్లవారేసరికి చేపల రేవుకు వెళ్లు. మధ్య ఆసియా ఎత్తైన పీఠభూముల సరస్సుల దగ్గర గుడ్లు పొదిగిన గల్ అనే నీటిపక్షులు ఇక్కడికి వలస వస్తాయి. డిసెంబరులో వాటి తల తెల్లగా, కంటి వెనక ఒక నల్లమచ్చతో ఉంటుంది. వేసవి దగ్గర పడేకొద్దీ అదే తల గోధుమరంగుకు మారుతుంది. వారం వారం ఆ రంగును రాసుకుంటే అవి తిరుగుప్రయాణానికి ఎలా సిద్ధమవుతున్నాయో నీ పుస్తకంలోనే కనిపిస్తుంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ల కాలం. తల్లి తాబేలు రాత్రివేళ ఇసుక మీదికి వచ్చి, వెనక కాళ్లతో కూజా ఆకారంలో గుంట తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, గంటలోపే సముద్రంలోకి వెళ్లిపోతుంది. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అవి వెలుతురున్న దిక్కును సముద్రం అనుకుని నడుస్తాయి కనుక బీచ్ రోడ్డు దీపాల వైపు తిరిగితే ప్రాణానికే ముప్పు. కాబట్టి నీ దగ్గర టార్చి, ఫోను ఫ్లాష్ రెండూ ఆర్పి ఉండాలి. జాడలు కనిపిస్తే వాటిని తొక్కకుండా ఎగువ నుంచి నడిచి, వెంటనే అటవీశాఖ వారికి చెప్పు. గుడ్లను తాకకు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వాటికి అత్యున్నత రక్షణ ఉంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. పడవలు కట్టేసి ఉన్న ఆ రెండు నెలల్లో రేవులో జాలర్లకు తీరిక. వాళ్ల పక్కన కూర్చుని వినడమే ఆ కాలంలో నీ పని. గాలి మారడం, నీటి రంగు మారడం నాకన్నా వాళ్లకే బాగా తెలుసు.

వానాకాలంలో నీళ్లలోకి దిగకు. అలలు విరగకుండా, నురుగు లేకుండా ప్రశాంతంగా కనిపించే నీటి దారే మనిషిని లోపలికి లాగేది. ఆ రోజుల్లో వాన వెలిశాక భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లు. తడిసిన ఎరుపు రంగూ, నీళ్లు కోసిన గండ్లూ కొత్తగా కనిపిస్తాయి. గట్టుల అంచు మాత్రం ఎక్కకు, అవి ఇట్టే విరిగిపడతాయి.

వచ్చే అమావాస్యకు ఇక్కడికి రా. జోడుగుళ్లపాలెం రాళ్ల దగ్గర పాటుకు గంట ముందు కలుద్దాం. పాకుడు మీద జారని బూట్లు వేసుకుని, పెన్సిలు తెచ్చుకో, తడిసినా రాత చెరిగిపోదు.

ఆశీస్సులతో,
నీ మావయ్య