గుడి ఏనుగును హింసిస్తుంటే చట్టం ఏం చేస్తుంది? పౌరులు ఏం చేయగలరు?

ఏనుగు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ పొందే జంతువుల జాబితాలో, ఉంది కాబట్టి, దేవస్థానమైనా, వ్యక్తి అయినా దానిని ఉంచుకోవడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్ర వన్యప్రాణి ఉన్నతాధికారి) ఇచ్చే యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి, అమ్మడం నిషిద్ధం. అయితే 2022 సవరణ 'మతపరమైన లేదా మరే ఇతర ప్రయోజనం' కోసం ఏనుగును మరొకరికి బదిలీ చేయడానికి దారి తెరిచింది. 'మరే ఇతర' అన్న ఆ మాట తొలగాలనే నా అభిప్రాయం.

హింస విషయంలో చట్టం ఇంకా బలహీనం. మరీ పొట్టి లేదా మరీ బరువైన గొలుసుతో చాలాసేపు కట్టివేయడం 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరమే, కానీ మొదటిసారి చేసినవారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. ఏనుగు ఒక్కపూట మేతకైనా అది చాలదు. ఈ అంకెలు మారాలని పార్లమెంటు సభ్యులకు రాయడం పౌరుల మొదటి పని.

పట్టుదల ఫలిస్తుందనడానికి కొల్హాపూర్ దగ్గరి జ్యోతిబా ఆలయ ఏనుగు సుందర్ ఉదాహరణ. మహారాష్ట్ర ప్రభుత్వం 2012లోనే తరలించమన్నా అది గొలుసుల్లోనే ఉండిపోయింది. జంతుప్రేమికులు కోర్టుకెక్కాక, 2014లో బొంబాయి హైకోర్టు ఆదేశంతో బెంగళూరు సమీపంలోని బన్నేరుఘట్ట జీవ ఉద్యానానికి చేరింది.

మీ కంటపడితే కాలి పుండ్లు, గొలుసు పొడవు, అంకుశం గాయాలు స్పష్టంగా కనిపించేలా తేదీతో ఫోటోలు తీసి, జిల్లా అటవీ అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ధ్రువపత్రం నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.