డాక్టర్ సలహా: మనమే వండుకున్నా వాంతులు ఎందుకయ్యాయి?

ప్రశ్న: మేం చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాళ్లం. కాలేజీ రోజుల నుంచి ఆరుగురం ఫ్రెండ్స్. పోయినేడు అండమాన్ వెళ్లి హావ్‌లాక్ (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) దీవిలో వంటగది ఉన్న కాటేజీ తీసుకున్నాం. బయటి తిండి పడదని వంతులవారీగా మేమే వండుకున్నాం. అయినా ఒక రోజు మధ్యాహ్నం మిగిలిన అన్నంతో రాత్రి ఎగ్ ఫ్రైడ్ రైస్ చేసుకుంటే, తిన్న నలుగురికీ రెండు మూడు గంటల్లోనే వాంతులు పట్టుకున్నాయి. చపాతీ తిన్న ఇద్దరికీ ఏమీ కాలేదు. ఇంకో రోజు టూనా వేపుడు తిన్న అరగంటలో ఒక ఫ్రెండ్‌కి ముఖం ఎర్రగా కందిపోయి, ఒంటి మీద దద్దుర్లు, గుండెదడ వచ్చాయి. నాకూ చెవులు వేడెక్కాయి కానీ కాసేపటికి తగ్గిపోయింది. తనకు చేపలంటే ఎలర్జీ అని అప్పటి నుంచి పూర్తిగా మానేసింది. ఈ డిసెంబర్‌లో మళ్లీ వెళ్తున్నాం. మాలో ఒకరు షుగర్‌కి ఇన్సులిన్ వాడుతున్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఒక పాఠకురాలు, అన్నానగర్, చెన్నై

జవాబు: మళ్లీ వెళ్తున్నందుకు, మళ్లీ కలిసి వండుకోవాలనుకుంటున్నందుకు ముందుగా సంతోషం. ఒకసారి ఇలా అయితే చాలామంది ఆ వండినవాళ్ల మీదే నెపం పెట్టి మానేస్తారు. మీ విషయంలో వంటలో లోపం ఉన్నట్టు నాకు అనిపించలేదు. అన్నం బాగానే ఉడికింది, చేప బాగానే వేగింది. తేడా వచ్చింది పొయ్యి మీద కాదు. అన్నం విషయంలో వండాక గడిచిన గంటల్లో, చేప విషయంలో వండక ముందు గడిచిన గంటల్లో.

అన్నం సంగతి చూద్దాం. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు మామూలుగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి గిన్నెలోనే ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషపదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ పదార్థం వేడికి విరగదు. రాత్రి మీరు ఎంత సెగ మీద, ఎంతసేపు వేయించినా అది అలాగే ఉంటుంది. తిన్నాక అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవడం దీని లక్షణం. అన్నం తిన్న నలుగురికీ వచ్చి, చపాతీ తిన్నవాళ్లకు రాలేదని మీరు గమనించి రాయడం చాలా ఉపయోగపడింది. పరీక్షలు లేకుండా నూటికి నూరు శాతం చెప్పలేను గానీ, నా అనుమానం గుడ్డు మీద కన్నా ఆ మధ్యాహ్నపు అన్నం మీదే.

ఆరుగురికి వండేటప్పుడు జరిగేది ఇదే. ఇద్దరు బీచ్ నుంచి ఆలస్యంగా వస్తారు, వాళ్ల కోసమని గిన్నె మూతపెట్టి గట్టు మీద ఉంచుతారు. పెద్ద గిన్నెలో అన్నం పైన చల్లారినా మధ్యలో చెయ్యి పెడితే చాలాసేపటి దాకా వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనమే బ్యాక్టీరియాకు కావాల్సింది. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు కింద ఉన్న ఏ తిండైనా వాటికి అనుకూలమే. అందుకే వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదంటాం. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే.

మరి ఆలస్యంగా వచ్చేవాళ్లకు ఏం చేయాలి? పులిహోర కలిపేటప్పుడు అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలోకి తీసి ఆరబెడతాం కదా, అలాగే పలచగా పరిచి, ఆవిరి పోగానే చిన్న చిన్న డబ్బాల్లో సర్ది గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికల్లా తినేయండి, ఒక్కసారి మాత్రమే వేడిచేయండి. కాటేజీల్లో ఉండే చిన్న ఫ్రిజ్‌లో వేడి సాంబారు గిన్నె యథాతథంగా తోసేస్తే అది చల్లబడకపోగా పక్కనున్న పాలు, పెరుగు కూడా వెచ్చబడతాయి. దీవుల్లో కరెంటు పోవడమూ ఉంటుంది. నన్నడిగితే ఇంత శ్రమ ఎందుకు, ఇరవై నిమిషాల్లో ఉడికే అన్నాన్ని పూటకు పూట వండుకోవడమే మేలు. మిగిల్చి దాచుకోవడానికి వెనకాడాల్సింది అన్నం, కొబ్బరి చట్నీ, పప్పు, మాంసం కూరల విషయంలో. ఇంటి నుంచి కందిపొడి, నల్లకారం, ఊరగాయలు పట్టుకెళ్లండి. తడి చెంచా తగలనంతకాలం వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు, నెయ్యేసుకుని తింటే ఒక పూట గడిచిపోతుంది.

చద్దన్నం తింటే ఏమీ కాదు కదా అని మీలో ఎవరైనా అడగొచ్చు. నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టిన అన్నంలో పులుపు పెరుగుతుంది, ఆ పులుపు చాలా బ్యాక్టీరియాలకు గిట్టదు. పొడిగా గిన్నెలో వదిలేసిన అన్నం అలా కాదు. రెండూ ఒకటనుకోవద్దు.

ఇక టూనా. ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఫ్రెండ్ అనవసరంగా చేపలకు దూరమైందేమోనని నా అనుమానం. టూనా, కానగంతలు, కవళ్లు, వంజరం వంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. పట్టిన చేపను వెంటనే ఐసులో పెట్టకపోతే బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తుంది. ఎలర్జీ వచ్చినప్పుడు మన శరీరం విడుదల చేసేదీ హిస్టమినే. అందుకే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి, గుండెదడ, నోట్లో మంట అన్నీ అచ్చం ఎలర్జీలాగే ఉంటాయి. తిన్న కొద్ది నిమిషాల్లో, లేదంటే గంటలోపు మొదలై చాలామందిలో ఒక రోజులో తగ్గిపోతాయి. ఉడికించినా వేయించినా హిస్టమిన్ పోదు. చేప వాసన, రంగు మామూలుగానే ఉండొచ్చు. ముక్క నోట్లో పెట్టగానే మిరియాల్లా చురుక్కుమంటే ఇక తినకండి.

మీకూ చెవులు వేడెక్కాయన్నారు చూడండి, ఆ చిన్న మాట దగ్గరే నేను ఆగాను. ఎలర్జీ అయితే సాధారణంగా ఒక్కరికే వస్తుంది. ఒకే చేప తిన్న ఇద్దరికి ఒకే రకంగా అయ్యిందంటే హిస్టమిన్‌ను అనుమానించాలి. అలాగని దీవిలో కూర్చుని "కొంచెం తిని చూద్దాం" అనే ప్రయోగం చేయొద్దు. ప్రయాణానికి ముందే చెన్నైలో ఎలర్జీ స్పెషలిస్టును కలిసి, జరిగింది జరిగినట్టు చెప్పి, చేపకు సంబంధించిన పరీక్షలు చేయించుకోమనండి. ఫలితం వచ్చేదాకా తను తినకపోవడమే మంచిది. నిజంగా ఎలర్జీ అని తేలితే ఆమె వంటకు గరిటె, మూకుడు, నూనె వేరుగా ఉండాలి. చేప వేయించిన నూనెలోనే బంగాళాదుంప వేయించి పెట్టినా ప్రమాదమే.

మిగిలినవాళ్లు చేప తినాలనుకుంటే గోవింద్‌నగర్ బజారులో పొద్దున్నే, ఐసులో ఉన్నదే చూసి కొనండి. ఐసుతో సహా డబ్బాలో తెచ్చి, మధ్యాహ్నానికల్లా వండి తినేయండి. కొన్న చేపను స్కూటీకి తగిలించుకుని బీచ్‌లన్నీ తిరిగి సాయంత్రం ఇంటికి తెస్తే ఆ చేపను పారేయాల్సిందే.

షుగర్ ఉన్న మీ ఫ్రెండ్ గురించి ఆలోచిస్తే నాకు తిండి కన్నా టైము మీద బెంగ. అందరూ కలిసి వండేచోట ఒంటిగంటకు అనుకున్న భోజనం మూడింటికి తయారవుతుంది. "ఇంకో పది నిమిషాలే" అన్న మాట నమ్మి భోజనం ముందు వేసుకునే ఇన్సులిన్ వేసేసుకుంటే షుగర్ పడిపోతుంది. కంచం ముందుకు వచ్చాకే ఇంజెక్షన్, ఇది గట్టి నియమంగా పెట్టుకోండి. చెమటలు, వణుకు, కంగారు మొదలైతే గ్లూకోమీటర్‌లో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు టీచెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. వాడుతున్న ఇన్సులిన్ పెన్‌ను ఎక్కువ రకాల్లో 30 డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా బయట ఉంచుకోవచ్చు. ఎండలో బ్యాగులో మాత్రం వదలొద్దు. విమానంలో చెక్-ఇన్ లగేజీలో పెట్టకుండా ప్రిస్క్రిప్షన్‌తో పాటు చేతిసంచిలో ఉంచుకోవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఏ మాత్రలు ఆపాలో బయల్దేరే ముందే తన డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోమనండి. ముఖ్యంగా మెట్‌ఫార్మిన్, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మందులు, కొన్ని బీపీ మాత్రల గురించి అడగాలి. తినడం లేదు కదా అని ఇన్సులిన్‌ను మాత్రం సొంతంగా పూర్తిగా ఆపేయకూడదు.

వండేవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాంతులు, విరేచనాలు తెప్పిస్తూ గుంపులో ఒకరి నుంచి ఒకరికి పాకే నోరోవైరస్‌కు శానిటైజర్ పెద్దగా పనిచేయదు. విరేచనాలైనవాళ్లు తగ్గాక కూడా రెండు రోజులు వంటగదిలోకి రాకూడదు. వేలికి చీము పట్టిన గాయం ఉన్నవాళ్లు ఆ పూట కూరగాయలు కూడా తరగొద్దు.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా ఎవరికైనా వాంతులైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో కలిపి చెంచా చెంచాగా పట్టండి. గడగడా తాగిస్తే మళ్లీ కక్కేస్తారు. ప్యాకెట్లు చెన్నై నుంచే తీసుకెళ్లండి, అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి జ్యూసులు దానికి బదులు కావు. అందుబాటులో లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి. షుగర్ ఉన్నవాళ్లు కూడా ఓఆర్ఎస్ తాగాలి. లీటరులో ఉండేది 13.5 గ్రాముల గ్లూకోజే, ఒంట్లో నీరు తగ్గిపోవడం అంతకన్నా ప్రమాదం. యాంటీబయాటిక్స్ సొంతంగా మింగొద్దు. రక్తం పడుతున్నా, జ్వరం ఉన్నా విరేచనాలు కట్టేసే మాత్రలు వేసుకోవద్దు.

మలంలో రక్తం, 101 దాటిన జ్వరం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నా అది ఎమర్జెన్సీ, సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్ర వేసి కూర్చోవద్దు, వెంటనే 112కు ఫోన్ చేయండి. హావ్‌లాక్‌లో ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. పెద్ద చికిత్స అవసరమైతే పోర్ట్‌బ్లెయిర్‌లోని (ఇప్పటి శ్రీ విజయపురం) జి.బి. పంత్ ఆస్పత్రికి పంపుతారు, అది సముద్రం మీద ఒకటిన్నర నుంచి రెండున్నర గంటల ప్రయాణం. మామూలు ప్రయాణికుల పడవలు రాత్రిపూట తిరగవు. కాబట్టి తగ్గుతుందేమో చూద్దామని చీకటి పడేదాకా ఆగకుండా, మధ్యాహ్నానికే మనిషి నీరసిస్తున్నట్టు అనిపిస్తే కాటేజీవాళ్లకు చెప్పి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. ఇన్సులిన్ వాడే మీ ఫ్రెండ్ విషయంలో అంతసేపు కూడా ఆగొద్దు. రెండు గంటల పాటు తాగింది తాగినట్టు కక్కేస్తుంటే బయల్దేరిపోండి.