ఆరు వారాల్లో మీ వారిని హాఫ్ మారథాన్ పూర్తి చేయించడం ఎలా?

ప్రశ్న సారాంశం: ఆగస్టు చివర్లో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్‌కి నాతోపాటు మా వారి పేరు కూడా ఇచ్చేశాను. నేను ఇదివరకు 2 గంటల 20 నిమిషాల్లో హాఫ్ చేశాను. ఆయనకి 44 ఏళ్ళు. వారానికి మూడు రోజులు పార్కులో నాలుగు కిలోమీటర్లు నడుస్తారు, అంతే. ఇష్టం లేకపోయినా "కట్టేశావు కాబట్టి వస్తా" అంటున్నారు. ఆరు వారాలే ఉంది, కటాఫ్ (రేసు పూర్తి చేయాల్సిన గడువు) మూడున్నర గంటలు. కలిసి పూర్తి చేయగలమా?

జవాబు:

చేయగలరు. కాకపోతే ఆ పూట మీరు రన్నర్ కాదు, ఆయనకి పేసర్, అంటే పక్కనే ఉండి వేగం చూసుకునేవాళ్ళు. మీ 2:20 సంగతి ఇంకో రేసులో చూసుకోండి. కలిసి మొదలుపెట్టి మాటల్లేకుండా ఇంటికొచ్చే జంటల్లో ఎక్కువగా జరిగేది ఇదే: ప్రాక్టీసున్నవాళ్ళు మొదటి మూడు కిలోమీటర్లు "కొంచెం నెమ్మదిగానే" పరుగెత్తుతారు. లేనివాళ్ళకి అది తట్టుకోలేని వేగం. ఆ సంగతి వెంటనే తెలీదు, పదమూడో కిలోమీటరు దగ్గర తెలుస్తుంది.

ముందు లెక్క చూడండి. 21.1 కిలోమీటర్లు మూడున్నర గంటల్లో అంటే కిలోమీటరుకి 9 నిమిషాల 57 సెకన్లు. కిలోమీటరు పదిన్నర నిమిషాల్లో చురుగ్గా నడిస్తే మొత్తం 3 గంటల 41 నిమిషాలు పడుతుంది. అంటే కటాఫ్‌కీ చురుకైన నడకకీ తేడా పదకొండు నిమిషాలే. ఈ ముక్క మీ వారికి కాగితం మీద చూపించండి. "21 కిలోమీటర్లు పరుగెత్తాలి" అన్న భయంతోనే చాలామంది మొండికేస్తారు. నిజానికి ఆయన చేయాల్సింది గట్టిగా నడవడం, మధ్యమధ్యలో కాస్త పరుగు.

పద్ధతి ఇది: ఒక నిమిషం పరుగు (కిలోమీటరుకి ఏడున్నర నిమిషాల వేగం), రెండు నిమిషాల నడక (పదిన్నర వేగం). సగటు 9:16 వస్తుంది, మొత్తం 3:15కి కాస్త అటూ ఇటూగా తేలుతుంది. ఆ మిగిలిన పావుగంట అక్కర్లేదనుకోకండి. చాలా రేసుల్లో కటాఫ్‌ని గన్ పేలిన దగ్గర్నుంచి లెక్కిస్తారు, చిప్ టైమ్ (బిబ్‌లో, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితంలో ఉన్న చిప్ మీరు స్టార్ట్ గీత దాటాక లెక్కించే సమయం) బట్టి కాదు. వెనక నిలబడ్డవాళ్ళు స్టార్ట్ గీత దాటేసరికే ఐదారు నిమిషాలు పోతాయి. ఒక టాయిలెట్ క్యూకి ఇంకో ఐదు. మధ్యలో కూడా కటాఫ్ పాయింట్లు ఉంటాయేమో రేసు వాళ్ళ మెయిల్‌లో చూసుకోండి.

ఈ రన్-వాక్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే. అందులో అసలు కిటుకు, అలిసిపోయాక నడవడం కాదు, అలవకముందే, మొదటి నిమిషం నుంచే నడవడం. రేసు మొదట్లో జనం అంతా పరుగెడుతుంటే నడవడానికి సిగ్గేస్తుంది. ఆ సిగ్గు దాటించడమే పేసర్‌గా మీ మొదటి పని. ఫోన్‌లో ఇంటర్వల్ టైమర్ యాప్ పెట్టుకుని బీప్‌కి కట్టుబడండి. "ఇంకా ఓపికుంది, ఈసారి నడక వద్దు" అని ఆయనే అన్నా ఒప్పుకోకండి.

ఇక పార్కు నడక. కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే కిలోమీటరుకి 12, 13 నిమిషాలు పడుతుంది. కాబట్టి ముందు మార్చాల్సింది పరుగు కాదు, నడక వేగం. అడుగు పెద్దదిగా వేయిస్తే పిక్కల ముందు ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. చిన్న అడుగులే, నిమిషానికి 125, 130 పడేలా, మోచేతులు మడిచి ఊపుతూ.

మొదలుపెట్టే ముందు డాక్టర్ని కలవాల్సిందే. 40 దాటి, బీపీ, షుగర్, పొగతాగే అలవాటు, ఇంట్లో గుండె జబ్బుల చరిత్ర, వీటిలో ఏది ఉన్నా ఈసీజీతో సరిపెట్టాలా, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) కూడా చేయించాలా అని అడగండి. మాత్రలు వాడుతుంటే రేసు పొద్దున ఎప్పుడు వేసుకోవాలో కూడా అడగండి. కొన్ని బీపీ మందులు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. రెండో రకం వాడేవాళ్ళకి వాచీలో చూపించే హార్ట్ రేట్ దేనికీ పనికిరాదు. ఎవరికైనా అంతకంటే నమ్మకమైన కొలత, పరుగెత్తే నిమిషంలో పూర్తి వాక్యం ఒకటి మాట్లాడగలగడం.

ప్రాక్టీసు ఇలా: మంగళ, గురువారాల్లో 40 నిమిషాలు, అదే ఒకటి-రెండు పద్ధతిలో. బుధ, శనివారాల్లో ఇంట్లోనే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 12 చొప్పున మూడు సార్లు, మెట్టు అంచు మీద మడమలు ఎత్తి దించడం 15 చొప్పున మూడు సార్లు. సోమ, శుక్రవారాలు సెలవు. ఆదివారాలు వరుసగా 7, 9, 12, 15, 8 కిలోమీటర్లు, ఆరో ఆదివారం రేసు. 15 దాటించొద్దు. కీళ్ళు, మడమల వెనకుండే స్నాయువులు (టెండన్లు) ఊపిరితిత్తులంత తొందరగా అలవాటు పడవు. ఆరు వారాల్లో 18, 20 చేయించబోతే మోకాలి పక్కన నొప్పి పట్టుకుని రేసుకే రాలేరు. 15 నుంచి 21కి మిగిలిన దూరం ఓపిక మీద నడిచిపోతుంది.

ఆదివారాలన్నీ నెక్లెస్ రోడ్డు మీదే చేయకండి, అది చదును. కనీసం రెండు వారాలు కేబీఆర్ పార్కు చుట్టుపక్కల ఎత్తుపల్లాల్లో చేయండి. ఊళ్ళో రేసంటే ఫ్లైఓవర్లు తప్పవు. ఎక్కేటప్పుడు బీప్‌తో పని లేదు, మొత్తం నడకే. దిగేటప్పుడు హాయిగా ఉందని వేగం వదిలేస్తే తొడ ముందు కండరాలు అక్కడే దెబ్బతింటాయి, నొప్పి గంట తర్వాత తెలుస్తుంది. దిగేటప్పుడు అడుగు ఇంకా చిన్నది.

మూడో ఆదివారం 12 కిలోమీటర్లే మీ పరీక్ష. రెండు గంటలు దాటినా, మర్నాడు మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేసినా ఆయన్ని 10కే (10 కిలోమీటర్ల) రేసుకి మార్పించేయండి. కేటగిరీ మార్చుకునే గడువు చాలా రేసుల్లో ముందే అయిపోతుంది కాబట్టి ఆ తేదీ ఇప్పుడే చూసిపెట్టుకోండి. వేరేవాళ్ళ 10కే బిబ్ వేసుకుని పరుగెత్తడం మాత్రం వద్దు, ఏదైనా జరిగితే వైద్య శిబిరంలో వాళ్ళ పేరు, వాళ్ళ వివరాలే బయటికొస్తాయి.

ఇష్టం లేదన్నారు కదా. బలవంతపు బ్రాహ్మణార్థంలా తీసుకెళ్తే ఆరో కిలోమీటరు దగ్గరే గొడవవుతుంది. అడక్కుండా పేరు ఇచ్చింది మీరు, కాబట్టి షరతులు పెట్టే హక్కు ఆయనది. ముందే మాట్లాడుకోండి: ఎక్కడైనా ఆపేస్తాననొచ్చు, మీరు ఒక్కసారి కూడా "ఇంత దూరం వచ్చాం కదా" అనకూడదు. ఆయన ఆపేస్తే మీరు కూడా ఆగుతారా, ముందుకెళ్తారా అన్నది కూడా ఇంట్లోనే తేల్చుకోండి. రోడ్లు మూసేస్తారు, ఆటో దొరకదు. ఆపాలంటే నీళ్ళ టేబుల్ దగ్గరో, మెడికల్ పాయింట్ దగ్గరో ఆపి, వెనకబడ్డవాళ్ళని ఎక్కించుకునే స్వీప్ బస్ ఎక్కాలి. ఫోన్ ఆయన దగ్గరే ఉండాలి, ఒక రెండొందల కాగితం కూడా.

బిబ్ వెనక ఎమర్జెన్సీ నంబరు రాసేటప్పుడు జంటలు ఎక్కువగా ఒకరిది ఒకరు రాసుకుంటారు. ఇద్దరూ రోడ్డు మీదే ఉంటారు, ఒక్కోసారి రెండు ఫోన్లూ బ్యాగేజీ కౌంటర్లో ఉంటాయి! ఇంట్లో ఉండే తమ్ముడిదో, బావగారిదో నంబరు రాయండి. కింద వాడే మందులు, ఎలర్జీలు కూడా.

బూట్లు రోజూ వేసుకునే సైజుకంటే అర సైజు పెద్దవి, బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. రేసు నాటికి వాటిలో 50, 60 కిలోమీటర్లు తిరిగి ఉండాలి, కాబట్టి కొనాలంటే ఈ వారమే. కాటన్ సాక్సులు వద్దు, తడిస్తే బొబ్బలు. గోళ్ళు మూడు రోజుల ముందు కత్తిరించాలి, ముందు రోజు రాత్రి కాదు. ఆయన మూడు గంటల పైన చెమటలో ఉంటారు కాబట్టి తొడల మధ్య, చంకల్లో వాజలైన్ దట్టంగా, చనుమొనల మీద మైక్రోపోర్ టేప్. మగవాళ్ళు ఈ మాట ఎవరికీ చెప్పరు, తెల్ల టీషర్టు మీద రెండు ఎర్ర చారలు మాత్రం ఫినిష్ ఫొటోలో కనిపిస్తాయి. రేసు వాళ్ళిచ్చిన కొత్త టీషర్టు అయితే ముందు ఒక ఆదివారం వేసి చూడండి.

ముందు రాత్రి పప్పన్నం, పెరుగన్నం. ఆవకాయ, గోంగూర, బిర్యానీ గెలిచాక తినొచ్చు. పొద్దున స్టార్ట్‌కి గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, జామ్ బ్రెడ్డో, ఒక అరటిపండో. కాఫీ అలవాటుంటే మానొద్దు. దారిలో ఐదో కిలోమీటరు నుంచి గంటకి 30 గ్రాముల దాకా పిండిపదార్థం కావాలి. అంటే ఒక మామూలు అరటిపండు, లేదా ఒక జెల్ (రన్నర్లు మింగే చక్కెర జెల్ ప్యాకెట్) ప్లస్ ఒక మెత్తటి ఖర్జూరం. పల్లీ పట్టీ తీసుకెళ్ళకండి, నమలడానికే ఊపిరి చాలదు. ఏది తిన్నా ముందు 12, 15 కిలోమీటర్ల ఆదివారాల్లో తిని చూసినదే అయ్యుండాలి.

ఆగస్టు తెల్లవారుజామున హైదరాబాద్‌లో వేడి పెద్దగా ఉండదు, 22, 24 డిగ్రీలే. కానీ గాలిలో తేమ బాగా ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. దాహాన్ని బట్టి ఒక్కో టేబుల్ దగ్గర 100, 150 మి.లీ. చాలు. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకి అసలు ప్రమాదం తక్కువ తాగడం కన్నా ప్రతి టేబుల్ దగ్గరా రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగేయడం. రక్తంలో సోడియం పలచబడి ఉంగరం బిగుతుగా అనిపించడం, తలనొప్పి, వాంతి, తికమక మాటలు మొదలవుతాయి. అలాగైతే నీళ్ళు ఆపి వెంటనే మెడికల్ టెంట్‌కి తీసుకెళ్ళాలి. నీళ్ళతోపాటు ఓఆర్‌ఎస్ ఉంచుకోండి. 200 మి.లీ.కి కలిపే చిన్న ప్యాకెట్లు జేబులో పడతాయి, రాసిన కొలతకే కలపాలి. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకున్న తియ్యటి టెట్రా ప్యాక్‌లు అవి కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఆ పేరు వాడొద్దని చెప్పింది.

రేసులో మీ స్థానం ఆయన పక్కన, వీలైతే అర అడుగు వెనక. ముందుంటే తెలీకుండానే లాగుతారు. ముందుకి పరుగెత్తి మళ్ళీ వెనక్కి వచ్చి "రండి రండి" అనడం అన్నిటికన్నా చెడ్డది. నడకలోకి మారేముందు చెయ్యెత్తి రోడ్డు అంచుకి వెళ్ళండి, వెనకవాళ్ళు గుద్దుకోకుండా. 13 నుంచి 17 దాకా ఆయన మాట్లాడరు, చిరాకు పడతారు. అది మీ మీద కోపం కాదు, ఒంట్లో చక్కెర తగ్గడం. తినడానికి ఇవ్వండి. "ఇంకొంచెమే" అనొద్దు, "నీళ్ళ టేబుల్ 600 మీటర్లు" అనండి, అదీ నిజమైతేనే. 16 దాటాక ఒక నిమిషం పరుగు బరువైతే 30 సెకన్ల పరుగు, 60 సెకన్ల నడకకి మారండి. సగటు వేగం పెద్దగా తగ్గదు.

పిక్క పట్టేస్తే మోకాలు చాపి, వేళ్ళు తన వైపు లాగి 30 సెకన్లు పట్టుకోవాలి, తర్వాత రెండు నిమిషాలు నడక. నొప్పి మాత్రలు రేసుకి ముందు గానీ మధ్యలో గానీ వద్దు. చెమట బాగా పట్టి నీరు తగ్గిన ఒంట్లో ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కిడ్నీలకి దెబ్బ. ఛాతీ బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, వేడిలో చలిగా వణుకు, తడబడే మాటలు, వీటిలో ఏది కనిపించినా రేసు అక్కడితో అయిపోయింది. కుంటడం మొదలైనా అంతే.

మీ సంగతి కూడా చూసుకోండి. మీకు అలవాటైన వేగంకన్నా కిలోమీటరుకి రెండున్నర నిమిషాలు నెమ్మదిగా, దాదాపు గంట ఎక్కువసేపు కాళ్ళ మీద ఉంటారు. నడుము, పిక్కలు కొత్త చోట్ల నొప్పెడతాయి, ఆకలి కూడా ఎక్కువే. ఇద్దరి తిండీ లెక్కేసుకుని తీసుకెళ్ళండి.

ఫినిష్ దాటగానే కూలబడనివ్వకండి, పది నిమిషాలు నడిపించి, తడి టీషర్టు మార్పించి, తర్వాత ఓఆర్‌ఎస్, ఏదైనా తిండి. ఇంటికి క్యాబ్‌లో వెళ్ళండి. మీరే కారు నడుపుతుంటే, క్లచ్ తొక్కేటప్పుడు ఎడమ పిక్క పట్టేస్తే సిగ్నల్ దగ్గర ఏం చేయాలో తోచదు. ఆ రోజు గానీ మర్నాడు గానీ మూత్రం కోలా రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతోందని అర్థం. మామూలు ఒళ్ళునొప్పులు రెండో రోజు ఎక్కువగా ఉండి, బుధ, గురువారాలకి తగ్గుతాయి. అప్పటిదాకా మెట్లు రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగమనండి, తొడలకి నయంగా ఉంటుంది.