బెల్జియం హ్యామర్ గన్ ఏ కాలంనాటిదో ఎలా పోల్చుకోవాలి?

హ్యామర్ గన్ (బయటికి కనిపించే సుత్తులున్న తుపాకీ) డబుల్ బ్యారెల్, అంటే జంట గొట్టాల, మీద ఇంగ్లిష్ పేరు, అడుగున బెల్జియం ముద్రలు ఉన్నాయి, ఎప్పటిది అని కదా ప్రశ్న. ముందు ఆ పేరును పక్కన పెట్టండి. అమెరికా వ్యాపారులు బెల్జియంలోని లీజ్ నగరం నుంచి చవక తుపాకులు తెప్పించుకుని, తమకు నచ్చిన పేర్లు వేయించుకునేవారు. కొన్ని పేర్లయితే పేరున్న ఇంగ్లండ్ కంపెనీలని భ్రమపడేలా ఉంటాయి!

తూటాలు లేవని చూసుకుని, బ్యారెళ్లు విడదీసి అడుగు భాగం చూడండి. కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈఎల్‌జీ (ELG) అక్షరాలుంటే అది లీజ్ ప్రూఫ్ హౌస్ (తుపాకులను పరీక్షించే సంస్థ) పరీక్ష ముద్ర. దానిపైన కిరీటం ఉంటే 1893 లేదా ఆ తర్వాతిది; లేకపోతే అంతకంటే పాతది. 1922 నుంచి ఏడాదికో అక్షరం కూడా కొట్టారు, అది కనిపిస్తే మీ పని సులువే. అమెరికాకు వెళ్లిన తుపాకీపై ‘బెల్జియం’ అని దేశం పేరుంటే బహుశా 1891 తర్వాతిది. 1890 నాటి అమెరికా మెకిన్లీ సుంకాల చట్టం 1891 నుంచి దిగుమతి సరుకుపై దేశం పేరు తప్పనిసరి చేసింది.