టెక్ సందేహాలు: డబ్బు కట్టేది మనం, ఆపేసేది ఎవరు?

ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నీ ఒకేసారి చదివితే అందరి బాధా ఒకటేనని తెలిసింది. కంప్యూటర్, గేమ్, యాప్‌లో వేసిన డబ్బు, ఆఖరికి ఫోన్లో నెట్... వీటన్నిటికీ డబ్బు మన జేబులోంచే పోయింది. ఆపేసే అధికారం మాత్రం ఎక్కడో కూర్చున్న వాళ్లది. అందుకే ఈసారి ఆ ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను. ముందు ఉత్తరం, దాని కిందే నా జవాబు.

విజయవాడలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. రెండు కంప్యూటర్లున్నాయి. రెండూ ఇంటెల్ ఏడో తరం ఐ5, విండోస్ 10. తెలుగు టైపుకు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ వాటిలోనే నడుస్తాయి. విండోస్ 10 అయిపోయింది, రెండూ మార్చేయాల్సిందే అంటున్నాడు సర్వీసుకు వచ్చే కుర్రాడు. నిజమేనా?

ఇప్పుడే మార్చక్కర్లేదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిన మాట నిజం. అలాగని మీ కంప్యూటర్లు ఆగిపోవు. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మందు అందదు, అంతే. మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది గడువిచ్చింది. ముందుగా నమోదు చేసుకున్న కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ తెరిచి, విండోస్ అప్‌డేట్ పేజీలో ‘ఎన్‌రోల్ నౌ’ ఉందేమో చూడండి. అది కనబడాలంటే మీది విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే రూపాయి ఖర్చు లేదు. అది ఇష్టం లేకపోతే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు గానీ 30 డాలర్లు గానీ ఇవ్వాలి.

విండోస్ 11కి ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అనుమతి, పైగా భద్రత కోసం పెట్టే టీపీఎం 2.0 చిప్ ఉండాలి. మీ కుర్రాడు ‘ఆ చెకింగ్ దాటించి వేసేస్తాను’ అనొచ్చు. వేయడం కష్టం కాదు. కానీ అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. రోజూ కూడు పెట్టే మెషీన్ మీద ఆ ప్రయోగం వద్దు.

నా సలహా వేరే ఉంది. డీటీపీలో మీకు నెట్ అవసరమయ్యేది ఎక్కడ? కస్టమర్ వాట్సాప్‌లో మేటర్ పంపుతాడు, అది ఫోన్లలో వాడే యూనికోడ్ అక్షరాల్లో ఉంటుంది, అను ఫాంట్లలోకి మార్చాలి, ప్రూఫ్ తిరిగి పంపాలి. ఈ పనంతా ఒక కంప్యూటర్ మీద పెట్టుకోండి, దాన్ని మాత్రం పైన చెప్పినట్టు నమోదు చేయండి. రెండోదానికి నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి ఇంటర్నెట్‌తో పనే లేదు. నెట్ లేని మెషీన్‌కు మిగిలిన ప్రమాదం పెన్‌డ్రైవ్. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ నేరుగా అందులో పెట్టకండి. మొదటి కంప్యూటర్‌లో స్కాన్ చేసి, మీ సొంత పెన్‌డ్రైవ్‌లోకి కావలసిన ఫైలు మాత్రం తీసుకోండి. ఫాంట్లు, ఇన్‌స్టాలర్లు, పాత పెళ్లి కార్డుల ఫైళ్లు అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఈ ఆదివారమే ఎక్కించండి. హార్డ్ డిస్క్ పోతే వాటిని మైక్రోసాఫ్ట్ తెచ్చివ్వదు.

ఒక మాట గట్టిగా చెప్పాలని ఉంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ, ఆ మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం 5 ఏళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందాలని నిబంధన పెట్టారు. మన దగ్గర పెట్టె మీద ఎమ్మార్పీ, తయారైన నెల అచ్చేస్తారు. ‘ఫలానా తేదీ దాకా అప్‌డేట్లు ఇస్తాం’ అనీ అచ్చేయాలి. బాగా పనిచేస్తున్న కంప్యూటర్ ఒక క్యాలెండర్ తేదీ వల్ల చెత్తలోకి పోకూడదు.

కరీంనగర్‌లో బీటెక్ చదువుతున్నాను. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో పీసీ గేమ్స్ కొంటాను. ఆన్‌లైన్‌లో కొన్న గేమ్ నిజంగా నాదేనా? కంపెనీ సర్వర్లు మూసేస్తే ఏంటి? డబ్బు కట్టకుండా దొంగ కాపీ (క్రాక్) వేసుకునే ఫ్రెండ్స్ నన్ను పిచ్చివాడిలా చూస్తున్నారు.

మీరు పిచ్చివారు కాదు. డబ్బిచ్చి ఆడటమే సరైన పని. కానీ మీ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే: చాలా గేమ్స్ మీవి కావు. మీరు కొన్నది ఆడుకునే లైసెన్స్.

దీనికి పెద్ద ఉదాహరణ ‘ద క్రూ’. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన కార్ల రేసింగ్ గేమ్. ఒంటరిగా ఆడుకోవాలన్నా సర్వర్‌కు కనెక్ట్ కావాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ రోజు నుంచి డిస్క్ కొని అలమరలో పెట్టుకున్నవాళ్లకూ ఆట లేదు. కొందరి అకౌంట్లలోంచి లైసెన్స్ కూడా తీసేశారు. రాస్ స్కాట్ అనే యూట్యూబర్ దీని మీద ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలుపెట్టాడు. ఎప్పటికీ సర్వర్లు నడపమని ఆయన అడగలేదు. ఆపేసే ముందు ఏదో ఒక రకంగా ఆడుకునే వీలు వదిలి వెళ్లమన్నాడు, అంతే. యూరోపియన్ యూనియన్‌లో ఆ పిటిషన్‌కు 2025 జూలైలో సంతకాలు 10 లక్షలు దాటాయి. నా వరకు అది నూటికి నూరుపాళ్లు న్యాయమైన కోరిక.

అమెరికాలోని కాలిఫోర్నియా 2025 నుంచి ఒక చట్టం అమలు చేస్తోంది. ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగే డిజిటల్ సరుకును, అది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా, ‘కొనండి’ అని అమ్మకూడదు. చట్టం అమల్లోకి రాకముందే, 2024 అక్టోబర్ నుంచి, పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో డబ్బు కట్టే పేజీలో ఆ సంగతి చెప్పే వాక్యం ఒకటి కనిపిస్తోంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈసారి కొనేటప్పుడు ఆగి చదవండి.

మీరు చేయగలిగింది ఇది. కొనేముందు స్టోర్ పేజీలో కిందిదాకా వెళ్లి, సింగిల్ ప్లేయర్‌కు కూడా ఇంటర్నెట్ తప్పనిసరా, వేరే కంపెనీ అకౌంట్ అడుగుతోందా చూడండి. రెండూ ఉంటే ఆ గేమ్‌కు పూర్తి ధర పెట్టకండి, సేల్ దాకా ఆగండి. అదే గేమ్ గాగ్ (GOG) అనే ఆన్‌లైన్ స్టోర్‌లో ఉంటే అక్కడ కొనడం మేలు. వాళ్లు ఇన్‌స్టాలర్ ఫైలునే ఇస్తారు. హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే రేపు ఆ స్టోర్ ఉన్నా లేకపోయినా ఆడుకోవచ్చు. కొన్నాక నచ్చకపోతే స్టీమ్‌లో 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ రెండు గంటల్లోనే మీ ల్యాప్‌టాప్‌లో సరిగా నడుస్తోందో లేదో తేల్చుకోండి.

మీ ఫ్రెండ్స్‌కు ఒక మాట. క్రాక్ వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమని చెబుతారు కదా, సరిగ్గా ఆ క్షణం కోసమే బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లే ప్రోగ్రాములు కాచుకుని ఉంటాయి. గేమ్ ఫ్రీగా వచ్చిందనుకుంటారు, ఇన్‌స్టా అకౌంటో మెయిలో పోతుంది.

మాది అనంతపురం. మా తమ్ముడి డబ్బు ఒక రమ్మీ యాప్ వాలెట్‌లో ఉండిపోయింది. ఇప్పుడు ఆటలు ఆపేశారు. అడిగితే మా మీదే కేసు అవుతుందని భయం. టెలిగ్రామ్‌లో ఒకాయన రెండు వేలు ఫీజు కడితే ఇప్పిస్తానంటున్నాడు.

ముందు ఆ టెలిగ్రామ్ మనిషిని బ్లాక్ చేయండి. వాడు ఇప్పించడు. రెండు వేలు కట్టాక ‘ట్యాక్స్’ అని ఇంకో ఐదు వేలు అడుగుతాడు. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక చట్టం సంగతి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా అందులో లేదు. నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసేవాళ్లకు 2 ఏళ్లు, 50 లక్షలు. ఆడి పోగొట్టుకున్నవాళ్లకు ఈ చట్టంలో శిక్ష లేదు. పెద్ద కంపెనీలు వెంటనే డబ్బు పెట్టి ఆడే ఆటలు ఆపి, వాలెట్‌లో ఉన్నది తీసుకోమన్నాయి. యాప్‌లో ‘విత్‌డ్రా’ నొక్కి, పాన్, బ్యాంకు వివరాలు సరిచూసి ఇవ్వండి. గెలిచిన నికర మొత్తం మీద 30 శాతం పన్ను (టీడీఎస్) ముందే కోస్తారు. అది మోసం కాదు, 2023 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధనే. కంపెనీ స్పందించకపోతే కస్టమర్ కేర్‌కు రాసిన మెయిల్స్, వాలెట్ స్క్రీన్‌షాట్లు దాచి ఉంచండి.

ఆంధ్రలో ఉన్నారు కాబట్టి మీ భయానికి కారణం లేకపోలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2020 సెప్టెంబర్‌లో ఆంధ్ర మంత్రివర్గం ఆ నిర్ణయం ప్రకటించినప్పుడు ఆడేవాళ్లకు కూడా 6 నెలల వరకు జైలు అన్నారు. ఆ భయంతోనే ఎంతోమంది పోయిన డబ్బు గురించి ఇంట్లో చెప్పలేదు, పోలీసుల దగ్గరికీ వెళ్లలేదు. శిక్ష అమ్మేవాడికి ఉండాలి గానీ అప్పుల్లో మునిగినవాడికి కాదని నేను ఎప్పటినుంచో అంటున్నాను. కేంద్ర చట్టం ఆ ఒక్క విషయంలో సరైన దారి పట్టింది. పెద్ద మొత్తం అయితే కంపెనీకి నోటీసు పంపేముందు దగ్గర్లో ఉన్న లాయర్‌ను ఒకసారి కలవండి.

తమ్ముడి ఫోన్‌లో ఒకటి చూడాలి. ఇక్కడి యాప్‌లు ఆగాక, లింకు పంపి ఏపీకే (ప్లే స్టోర్ బయటి నుంచి వేసే యాప్) ఫైలు వేయించే విదేశీ బెట్టింగ్ సైట్లు ఇలాంటివాళ్ల వెంటే పడతాయి. వాటిలో వేసిన డబ్బును అడగడానికి ఆఫీసు అంటూ ఉండదు. ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చుని, యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, డబ్బు దానంతటదే కోసుకునే తెలియని అనుమతులు (మ్యాండేట్లు) ఏమున్నాయో ఇద్దరూ కలిసి రద్దు చేయండి.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటున్నాను. దొంగ ఫోన్ కాదని ఎలా తెలుస్తుంది?

ఆ ఫోన్‌లో *#06# కొట్టి ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబర్ తీసుకోండి. మీ ఫోన్ నుంచి కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో (KYM) రాసి, ఖాళీ వదిలి, ఆ నంబర్ వేసి 14422కు మెసేజ్ పంపండి. బ్లాక్‌లిస్ట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో వస్తే డబ్బు ఇవ్వకండి.

పదకొండేళ్ల మా బాబు వాళ్ల నాన్న ఫోన్‌లో గేమ్ ఆడుతూ అందులో వాడే డైమండ్స్ నిజం డబ్బుతో కొనేశాడు. నాన్నేమో అసలు గేమ్స్‌నే నిషేధించాలంటున్నారు. మీరేమంటారు? (కాకినాడ నుంచి ఒక తల్లి)

ముందు డబ్బు సంగతి చూడండమ్మా. ప్లే స్టోర్ ద్వారా కొని 48 గంటలు దాటకపోతే ఆర్డర్ హిస్టరీలో రిఫండ్ అడగొచ్చు. పిల్లాడు పెద్దవాళ్లకు తెలియకుండా కొన్నాడని ఉన్నదున్నట్టు రాయండి. తర్వాత ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. వేలిముద్రతో సరిపెట్టుకోవద్దు. నిద్రపోతున్న నాన్న వేలు పెట్టడం పిల్లలకు పెద్ద పని కాదు.

నిషేధం గురించి: 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీని నిషేధించారు. మరుసటి ఏడాది జూలైకల్లా అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జూలైలో మళ్లీ స్టోర్లలోంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఈ మధ్యలో పిల్లలు ఆడటం మానలేదు, ఎక్కడెక్కడి ఏపీకేలో వేసుకున్నారు. నాన్నగారి కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆటలో తప్పు లేదు. పదకొండేళ్లవాడి ముందు లాటరీ పెట్టెలాంటి బొమ్మ తిప్పి డబ్బు గుంజే అమ్మకంలో ఉంది తప్పు. కట్టడి చేయాల్సింది దాన్ని. బాబుకు వేరే అకౌంట్ చేసి గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ యాప్‌లో కలపండి. కొనాలంటే అనుమతి కోసం మీ ఫోన్‌కు వస్తుంది. టైమ్ ఎంతో బాబుతో కూర్చుని మీరే మాట్లాడుకోండి. ఒక మ్యాచ్ మధ్యలో ఫోన్ గుంజుకుంటే జట్టులో మిగతా పిల్లల ముందు వాడికి తలవంపులు. ‘ఈ మ్యాచ్ అయ్యాక’ అన్న మాటకు పిల్లలు చాలావరకు కట్టుబడతారు.

మాది అమలాపురం. 2022 మేలో గొడవలప్పుడు రోజుల తరబడి నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే మా అమ్మాయి చాలా ఇబ్బంది పడింది. మళ్లీ అలా జరిగితే ఏం చేయాలి? అడిగే హక్కు ఉందా?

ఉంది. నెట్ ఆపే ఉత్తర్వు కేంద్ర లేదా రాష్ట్ర హోం శాఖ కార్యదర్శి స్థాయిలో రావాలి. ఒక ఉత్తర్వు 15 రోజులకు మించి నడవదు. 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది: నిరవధికంగా ఆపడం కుదరదు, ఉత్తర్వును ప్రజలకు తెలిసేలా ప్రకటించాలి. 2024 నవంబర్‌లో వచ్చిన కొత్త రూల్స్‌లోనూ కారణాలతో సహా ప్రచురించాలని ఉంది. కాబట్టి మొదట అడగాల్సింది ఉత్తర్వు కాపీ. కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అడగండి. మీ అమ్మాయి ఆఫీసుకు చూపించడానికీ అదే ఆధారం.

పుకార్లు ఆపడానికి నెట్ ఆపుతున్నామంటారు. నిజం చెప్పే దారి కూడా అప్పుడే మూసుకుపోతుంది కదా. నాలుగు వీధుల్లో గొడవైతే జిల్లా అంతా ఎందుకు చీకట్లో ఉండాలి? మందుల షాపులో స్కాన్ చేసి కట్టే ముసలాయనకు ఆ గొడవతో ఏం సంబంధం? ఆపక తప్పదనుకుంటే ఎంత మేర, ఎన్ని గంటలు అన్నది ముందే చెప్పి తీరాలి.

ఇంట్లో ముందే చేసి పెట్టుకోవాల్సినవి చెబుతాను. డేటా ఆపినా కాల్స్ నడుస్తుంటే, నెట్ లేకుండా యూపీఐ నడిపే *99# కోడ్ పనిచేస్తుంది. బ్యాంకులో ఇచ్చిన నంబర్ ఉన్న సిమ్ నుంచి ఆ కోడ్ కొట్టి, డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ ఇచ్చి ఒకసారి యూపీఐ పిన్ పెట్టుకుంటే చాలు. ఒక్కో లావాదేవీకి 5000 దాకా పంపొచ్చు. గొడవ వచ్చాక మొదలుపెడితే లైన్లు కలవవు, ఈ వారంలోనే ఒక రూపాయి పంపి చూసుకోండి. మీ అమ్మాయి ఆఫీసు పని ఫైళ్లు రోజూ సాయంత్రం ల్యాప్‌టాప్‌లోకి కూడా దించుకోవాలి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే దాన్ని వదులుకోవద్దు. చాలాసార్లు ముందు ఆపేది మొబైల్ డేటానే.